గుడి మూసినప్పుడు పూజ ఎక్కడ జరిగింది?

2020 ఏప్రిల్ 9, పవిత్ర గురువారం. ఎల్లారెడ్డిలో మా అమ్మ, కామారెడ్డిలో నేను. మధ్యలో లాక్‌డౌన్. "ఈసారి గుళ్లో కాళ్లు కడిగేది లేదటమ్మా" అని ఫోన్‌లో చెప్పాను. అమ్మ నవ్వింది. "మీ నాయనమ్మ మంచంల పడ్డంక ఆరేండ్లు కాళ్లు కడిగిన. దాన్ని ఎవ్వలన్న పూజ అన్నరా బిడ్డా?"

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. క్రీస్తు శిష్యుల పాదాలు కడిగిన జ్ఞాపకంగా గురువు ఆ రోజు కొందరి పాదాలు కడుగుతాడు. నియమం ప్రకారం ఆ కొందరూ పురుషులే. 2016 జనవరిలో పోపు ఫ్రాన్సిస్ ఈ నియమం మార్చి స్త్రీలకూ చోటిచ్చారు. నాలుగేళ్లు తిరిగేసరికి, 2020 మార్చి 25న, వాటికన్ ఉత్తర్వు ఆ తంతునే వదిలేయమంది. జనం లేకుండా గురువు ఒక్కడే పూజ చేయవచ్చంది.

మరి ఆ జనం ఏం చేశారు? కామారెడ్డి 2016 అక్టోబరులో జిల్లా అయింది. అంతకుముందు మాది నిజామాబాద్ జిల్లా, హైదరాబాద్ అగ్రపీఠం. ఇక్కడ కతోలికులు కొద్దిమందే, ఊళ్లకు చెదిరి ఉన్నారు. మా చుట్టాల పల్లెలకు ఫాదర్ వచ్చేది ఎప్పుడో ఒకసారి. మిగతా రోజుల్లో దీపం ముందు జపమాల చెప్పించేదీ, పిల్లలకు మంగళవార్త జపం నేర్పేదీ, చావు ఇంట్లో ప్రార్థన మొదలుపెట్టేదీ ఆడవాళ్లే. కాబట్టి కరోనాతో పూజ ఇంటికి వచ్చిందనడం సగం నిజమే. ఇంట్లో అది ఎప్పటినుంచో ఉంది. గుడి మూతపడ్డాక కంటికి కనిపించింది, అంతే.

అయితే 'ఇల్లే గుడి' అని సంబరపడటానికి నాకు మనసొప్పదు. బీడీల పని ఆగింది. గల్ఫ్‌లో ఉన్న మగవాళ్ల నుంచి పైసలు ఆగాయి. ప్రభుత్వం మనిషికి ఇచ్చిన 12 కిలోల బియ్యం, కార్డుకు ఇచ్చిన 1500 రూపాయలతో ఇల్లు నెట్టుకొచ్చిందీ ఆడవాళ్లే. ఆన్‌లైన్ పూజ వచ్చింది కానీ మా బంధువుల ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ కొడుకు చేతిలోనే ఉండేది. ఆ ఏప్రిల్‌లో గృహహింస ఫిర్యాదులు పెరిగాయని జాతీయ మహిళా కమిషనే చెప్పింది. అమ్మ దిగులు కూడా దివ్యసత్ప్రసాదం అందలేదని మాత్రమే కాదు. పూజ అయ్యాక గుడి ముందు చెట్టు కింద కూర్చుని నలుగురితో చెప్పుకునే గంట పోయిందని. ఆమెకు వారంలో గడప దాటే సాకు అదొక్కటే.

2020 జూన్ 8 నుంచి ప్రార్థనాస్థలాలు తెరవచ్చని కేంద్రం అనుమతించింది. 65 ఏళ్లు దాటినవాళ్లూ, గర్భిణులూ, పదేళ్లలోపు పిల్లలూ ఇంట్లోనే ఉండటం మంచిదంది. బృందగానం వద్దు, రికార్డు చేసిన పాటలు పెట్టుకోమంది. వైద్యం దృష్టితో అది సబబే. కానీ మా గుడిలో ఆ జాబితా ఎవరిదో చూడండి: ముసలమ్మలు, కడుపుతో ఉన్నవాళ్లు, పిల్లల్ని వదిలి రాలేని తల్లులు, పాటలు పాడే అమ్మాయిలు.

రోగమూ, స్త్రీలూ, చర్చి నియమమూ కలిసిన పాత కథ ఒకటి గుంటూరుది. ఆస్ట్రేలియా డాక్టరు మేరీ గ్లౌరీ 1920లో అక్కడికి వచ్చి జె.ఎం.జె. సభలో చేరింది. మఠకన్యలు వైద్యవృత్తి చేయకూడదన్న నియమం ఉండటంతో ఆమెకు పోపు ప్రత్యేక అనుమతి కావాల్సి వచ్చింది. పురుడు పోయడంతో సహా ఆ పనిని రోమ్ మఠకన్యలందరికీ ఒప్పుకున్నది 1936లో. ఆమె 1943లో ప్రారంభించిన కతోలిక ఆసుపత్రుల సంఘానికి ఇప్పుడు కేంద్రం సికింద్రాబాద్. అవసరం ముందు వచ్చింది, పని ముందే జరిగింది, నియమం పదహారేళ్లు వెనకబడి వచ్చింది.

ఈసారీ అదే తీరు. 2021 జనవరిలో పఠన సేవకూ, పీఠ సేవకూ స్త్రీలను అధికారికంగా నియమించవచ్చని పోపు చట్టం మార్చారు. అదే ఏడాది మేలో ఉపదేశి పనిని స్త్రీపురుషులిద్దరికీ తెరిచిన పరిచర్యగా స్థాపించారు. మంచిదే. కానీ దశాబ్దాలుగా చేస్తున్న పనికి పేరు పెట్టడం వేరు, నిర్ణయాల్లో చోటివ్వడం వేరు. గురుత్వం తలుపు ఇంకా మూసే ఉంది.

విచారణ రిజిస్టర్లలో జ్ఞానస్నానాలూ, పెళ్లిళ్లూ, మరణాలూ ఉంటాయి. ఆ రెండేళ్లు ఏ ఇంట్లో ఎవరు జపమాల చెప్పించారో, అయినవాళ్లు దగ్గరికి రాలేని చావుకు కిటికీ అవతలినుంచి ఎవరు ప్రార్థన చెప్పారో రాయడానికి అందులో గడి లేదు. అందుకే అమ్మ చెబుతుంటే ఒక నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను. పేర్లు, ఊళ్లు, తేదీలు. మొదటి పేజీలో నాయనమ్మ కాళ్లు కడిగిన ఆరేళ్లు ఉన్నాయి. "అది కరోనాల కాదు కదా" అంది అమ్మ. అయినా రాశాను.