హ్యారీ పాటర్ బడిలో లైట్లెవరు ఆర్పారు?

హ్యారీ పాటర్ సినిమాలు ఎనిమిదీ చూసినవాళ్ళు ఓ చిన్న పని చేసి చూడండి. కథ జోలికి పోనక్కర్లేదు, ప్రతి సినిమా మొదట్లో వచ్చే వార్నర్ బ్రదర్స్ వాళ్ళ గుర్తు చూస్తే చాలు. మొదట్లో బంగారంలా మెరిసిన ఆ రెండక్షరాలు పోనుపోను మసకబారిపోయి, 2010లో వచ్చిన ఏడో సినిమాకల్లా మన కళ్ళముందే తుప్పు పడతాయి. పదేళ్ళ చరిత్రంతా ఆ అక్షరాల్లోనే ఉంది. ఈ చీకటి గురించి నాలో రెండు అభిప్రాయాలు ఎప్పుడూ కొట్టుకుంటూ ఉంటాయి. అందుకని మొదట్నించీ చెప్పుకొస్తాను.

మొదటి సినిమా 2001 నవంబరులో వచ్చింది. తీసింది 'హోమ్ అలోన్' తీసిన క్రిస్ కొలంబస్. అప్పటికి రౌలింగ్ ఏడు పుస్తకాల్లో నాలుగే బయటికొచ్చాయి. మా భాషలో చెప్పాలంటే, రిక్వైర్‌మెంట్లు సగం చేతికి రాగానే ప్రాజెక్టు మొదలెట్టేయడం అన్నమాట. నాలుగో పుస్తకం చివర సెడ్రిక్ చచ్చిపోతాడు కాబట్టి ముందు చీకటి ఉందని పాఠకులందరికీ తెలుసు. కొలంబస్ మాత్రం ఆ బెంగేమీ పెట్టుకోలేదు. గాల్లో తేలే కొవ్వొత్తులు, బల్లల నిండా తిండి, జాన్ విలియమ్స్ సంగీతం.. మనం కూడా ఆ బళ్ళో చేరిపోతే బావుణ్ణు అనిపించేట్టు తీశాడు. 2002లో వచ్చిన రెండోదీ ఆయనదే. "అబ్బే, ఆ రెండూ చిన్నపిల్లల సినిమాలండీ" అని తీసిపారేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మిగతా ఆరు సినిమాలూ ఖర్చుపెట్టుకున్నది ఆయన కూడబెట్టిన ఆస్తే కదా! ఆ బడి మీద ప్రేమ పుట్టకపోతే, అది కూలిపోతుంటే ఎవరికి బాధ?

2004లో మూడోది అల్ఫోన్సో క్వారోన్ చేతికొచ్చింది. పిల్లలు యూనిఫాం వదిలి మామూలు బట్టల్లో తిరగడం మొదలెట్టారు. రైలు ఆగిపోయి, కిటికీ అద్దాల మీద మంచు పేరుకుంటూ, డిమెంటర్ లోపలికొచ్చే సీను గుర్తుందా? మనిషిలోని సంతోషాన్ని పీల్చేసే జీవి అది. దాని చుట్టూ చీకటి ఉండాల్సిందే, ఆ చీకటికి పనుంది. పైగా అదే సినిమాలో హ్యారీ హిప్పోగ్రిఫ్ ఎక్కి సరస్సు మీద చేతులు చాపి ఎగురుతాడు. ఆ వెలుగుంది కాబట్టే ఈ చీకటి భయపెట్టింది. విమర్శకులు బాగా మెచ్చుకున్న ఆ సినిమాకే ఎనిమిదింట్లోకీ తక్కువ వసూళ్ళు రావడం వేరే విచిత్రం.

2005లో మైక్ న్యూవెల్ తీసిన నాలుగోదానికి అమెరికాలో మొదటిసారి పీజీ-13 సర్టిఫికెట్ వచ్చింది. వోల్డెమోర్ట్ తిరిగి రావడం కన్నా నన్ను కదిలించింది, కొడుకు శవం మీద పడి సెడ్రిక్ తండ్రి ఏడ్చే ఏడుపు. చుట్టూ బ్యాండు మేళం, చప్పట్లు. ఇంకా ఎవరికీ సంగతి అర్థం కాలేదు. చావు అంటే ఏమిటో పిల్లలకి చెప్పడానికి అంతకన్నా మంచి సీను నేను చూడలేదు. ఇక్కడిదాకా నాకు ఏ పేచీ లేదు.

పేచీ అంతా తర్వాతే. 2007 నుంచి చివరిదాకా నాలుగు సినిమాలూ బ్రిటిష్ టీవీ నుంచి వచ్చిన డేవిడ్ యేట్స్ తీశాడు. 2009లో వచ్చిన ఆరోదానికి కెమెరా బ్రూనో డెల్బొనెల్. ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది, ఏ ఫ్రేము ఆపినా పెయింటింగే. కానీ బడంతా బూడిద రంగే! ప్రేమ మందు తాగి రాన్ వెర్రివేషాలేసే కామెడీ కూడా ఆ మసకలోనే. తమాషా ఏమిటంటే, చూపుకి ఇంత చీకటిగా ఉన్న దీనికి అమెరికాలో మళ్ళీ మామూలు పీజీయే ఇచ్చారు. అంటే చీకటి కథలో కన్నా రంగులోనే ఎక్కువుందన్నమాట. అది చాలనట్టు, పుస్తకంలో లేకపోయినా రాన్ వాళ్ళ ఇల్లు తగలబెట్టించారు. తర్వాతి సినిమాలో పెళ్ళి ఆ ఇంటి దగ్గరే, ఇల్లు మాత్రం శుభ్రంగా నిలబడి ఉంటుంది :)

అసలు బాధ 2011 నాటి ముగింపుతో. పుస్తకంలో ఆఖరి పోరు గ్రేట్ హాల్లో, అందరూ చూస్తుండగా, సరిగ్గా సూర్యోదయం వేళకి ముగుస్తుంది. వోల్డెమోర్ట్ మామూలు మనిషిలా చచ్చి నేల మీద పడతాడు. అన్నేళ్ళ చీకటికి అర్థం ఆ తెల్లవారడంలోనే ఉంది. సినిమాలో ఇద్దరే, కోట ఆవరణలో, చూసేవాడు లేడు. వాడు పేలికలై గాల్లో కలిసిపోతాడు. చీకటి ఎందుకు పెట్టారో ఆ కారణాన్నే మర్చిపోయారనిపిస్తుంది.

అలాగని కొట్టిపారేయలేను. ఏడో సినిమా మొదట్లో హెర్మయొనీ అమ్మానాన్నల జ్ఞాపకాల్లోంచి తనని తనే చెరిపేసుకుంటుంది. పుస్తకంలో అది మాటల్లో తేలిపోతుంది, యేట్స్ కళ్ళకి చూపించాడు. గోడ మీది ఫోటోల్లోంచి ఆ పిల్ల ఒక్కొక్కటిగా మాయమవుతుంటే గొంతు పట్టేస్తుంది. కథకి కావలసిన చీకటి అదీ.

ఇంకో సంగతి. 2001లో పదకొండేళ్ళున్న పిల్లాడికి చివరి సినిమా నాటికి ఇరవయ్యొకటి. చీకటీ, వాడూ కలిసే పెరిగారు. ఇప్పటి పిల్లలకి ఎనిమిదీ ఒకే వరసలో దొరుకుతున్నాయి, రెండు శనాదివారాల్లో పదేళ్ళు అయిపోతాయి. ఎనిమిదేళ్ళ మా అమ్మాయి ఆరోది కాసేపు చూసి "నాన్నా, వీళ్ళ స్కూల్లో కరెంటు పోయిందా?" అంది. నవ్వొచ్చింది గానీ, దానికి భయం వేయలేదని, విసుగొచ్చిందని అర్థమైంది. నాకు భయమేసింది అందుకే. చీకటికి ఇంత తొందరగా అలవాటుపడ్డ పిల్లకి, సెడ్రిక్ తండ్రి ఏడుపు వినపడుతుందా?

ప్రస్తుతానికి మా ఇంట్లో మూడో సినిమా దగ్గర ఆపాం, ఇకమీద ఏడాదికొకటి. అది ఒప్పుకోలేదు, అలిగింది. అలగనీండి.. ఆ బడిని దాన్ని ఇంకొన్నాళ్ళు ప్రేమించనివ్వాలి.