తళుకురేకు – వెలుగు కొలత



వానలు మనల నెన్నిమారులు వంచించినను వేరుసెనగ మనలను విడువలేదు. మనమును దానిని విడువలేదు. వేయించిన పప్పు వెలుగును, వేడిమిని, గాలిని సోకినచో అందలి చమురు చెడి ముక్కవాసన పట్టునని మనకు తెలియనిది కాదు. కావుననే నేడు అంగళ్లలో దానిని వెండివలె మెరయు పొట్లములలో నమ్ముచున్నారు. అది వెండి కాదు. ప్లాస్టిక్ పొరపై పట్టించిన అల్యూమినియపు పూత. గాలి తీసివేసిన పెట్టెలో ఆ లోహమును కరగించి యావిరి చేయుదురు. ఆ యావిరి కదలుచున్న పొరపై మంచువలె పేరుకొనును. తలవెండ్రుక మందమును వేయి పాళ్లు చేసిన అందొక్క పాలికంటెను ఆ పూత సన్నము. దానిని కొలుచుటకు వెలుగే కొలబద్ద.

ఈ కొలత పాతదే. ఒక గాజుపలక సగము వెలుగును మ్రింగినచో రెండు పలకలు అంతయు మ్రింగవు, నాల్గవవంతు మిగులును. ఈ క్రమమును 1729లో ఫ్రాన్సు దేశీయుడగు పియెర్ బూగే దీపముల వెలుగులను పోల్చి తెలిపెను. పిదప 1890లో ఇంగ్లండున హర్టరు, డ్రిఫీల్డు అనువారు ఫోటోగ్రాఫు పలకల నల్లదనమును లెక్కించుటకై లాగరిథములను చేపట్టిరి. నూటికొకపాలు వెలుగు దాటిన సాంద్రత 2, వేయింటికొకపాలైన 3, లక్షకొకపాలైన 5. పొరలు జతచేసిన సాంద్రతలు కూడును. లాగరిథమన్న జడిసిన బాలుర నెందరినో నేను చూచితిని గాని, సున్నలు లెక్కింపుమన్న జడిసినవాని నొక్కని చూడలేదు.

కర్మాగారమున రేకున కొకవైపు దీపము, రెండవవైపు వెలుగును విద్యుత్తుగా మార్చు సాధనము నుండును. రేకు లేనపుడు ఎంత వెలుగు వచ్చెనో, ఉన్నపుడెంత వచ్చెనో పోల్చిన సాంద్రత తేలును. పొట్లపు రేకులకు సాధారణముగా 2 మొదలు 3 వరకు వచ్చును. పప్పును కాపాడుట కది తగినదే.

కంటిని కాపాడుటకు మాత్రము కాదు. గ్రహణకాలమున పిల్లలు ఇట్టి పొట్లమును కంటి కడ్డము పెట్టుకొని సూర్యుని చూడబోవుట కలదు. అందుచేతనే ఈ ప్రసంగము. గ్రహణశాస్త్రమున మన తెలుగునేలకు గొప్ప పేరున్నది. 1868 ఆగస్టు 18న జాన్సెన్ అను ఫ్రెంచి పండితుడు గుంటూరునుండియే సంపూర్ణగ్రహణమును చూచి, సూర్యుని యంచున లేచు జ్వాలల వర్ణరేఖలను పరిశీలించెను. 1980 ఫిబ్రవరి 16 నాటి గ్రహణమును ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి జపాల్-రంగాపురము వేధశాలయందు పరిశీలించిరి. నాడు దేశమున పెక్కు వీథులు నిర్మానుష్యములాయెను. ఆ భయమును నేను పరిహసింపను. కంటిలోపలి తెరకు నొప్పి తెలియదు. అది కాలుచున్నను చూచువాడు చూచుచునే యుండును.

భయము సరియైనదే కాని ఉపాయము చాలలేదు. మన యిండ్లలో పసుపునీటి పళ్లెమున గ్రహణబింబమును చూచు వాడుక కలదుగదా! నడినెత్తి సూర్యుని వెలుగులో సుమారు ఏబదింట నొకపాలు నీరు తిరుగగొట్టును. సాంద్రత లెక్కన అది 2 కైనను రాదు. మసిపట్టించిన గాజు ఒకచోట నలుపు, మరొకచోట పలుచన.

గ్రహణపు కళ్లద్దములలోను అల్యూమినియము పూసిన రేకునే వాడుట కలదు. తళుకు ఒక్కటే, సంఖ్య వేరు. 2015లో వెలువడిన అంతర్జాతీయ ప్రమాణము ననుసరించి వాని గుండ లక్షకు 3.2 పాళ్లకు మించి వెలుగు రారాదు. అనగా సాంద్రత సుమారు 4.5. సాంద్రత 2 గల పొట్లపు రేకు లక్షకు వేయి పాళ్లను లోనికి విడుచును. ఆ హద్దునకిది మున్నూరు రెట్లకు పైమాట. అట్టివి రెండు జతచేసినను 4 మాత్రమే. లక్షకు పది పాళ్లు చొరబడును. పైగా నలిగిన పొట్లమున పూత చిట్లును. చీకటిగదిలో దానిని దీపమున కడ్డముగా పట్టిన ఆ చిట్లులు చుక్కలవలె మెరయుట మీరే చూడవచ్చును. దీపముతో చేయవలసిన పరీక్ష అది, సూర్యునితో కాదు.