మూడు దిర్హమ్‌ల కితాబు

అసర్ వేళ. బుఖారాలో కితాబులు అమ్మే బజారు. ఒక దలాల్ చేతిలో పుస్తకం పట్టుకుని కేకలేస్తున్నాడు. అక్కడికొచ్చిన నౌజవాన్ ఇబ్న్ సీనా. 980లో పుట్టినవాడు. అరస్తూ రాసిన ‘మెటాఫిజిక్స్’ను అప్పటికే 40 సార్లు చదివాడు. కంఠతా వచ్చింది కానీ అర్థం కాలేదు. నాఉమ్మీద్ అయిపోయి, దలాల్ చూపిన కితాబునూ వద్దన్నాడు. సస్తా, మూడు దిర్హమ్‌లే, మాలిక్‌కు పైసల జరూరత్ ఉందని దలాల్ బతిమాలాడు. సరేనని కొన్నాడు. చూస్తే, అది ఆ అరస్తూ గ్రంథం మక్సద్ ఏమిటో వివరిస్తూ ఫారాబీ రాసిన కితాబు! ఇంటికెళ్లి చదవగానే చిక్కుముడి వీడింది. మర్నాడు అల్లాహ్‌కు షుక్ర్ చెప్పుకుని గరీబులకు ఖైరాత్ పంచాడు. ఇదంతా ఆయనే తన ఆత్మకథలో చెప్పుకున్నాడు.

తర్వాత అమీర్ నూహ్ బిన్ మన్సూర్‌కు ఇలాజ్ చేయడానికి వెళ్లి, ఆయన కుతుబ్‌ఖానా చూసే ఇజాజత్ అడిగాడు. ఒక్కో ఇల్మ్‌కు ఒక్కో గది. ఫెహరిస్త్ చూసి కావలసినవి అడిగి తీసుకున్నాడు. చాలామంది పేరైనా వినని కితాబులు కూడా అక్కడ కనిపించాయట.

ఫెహరిస్త్ చూసి అడగడం తలాష్. బజారులో కళ్లు తెరుచుకుని తిరగడం బ్రౌజింగ్. ఇంగ్లీషులో ఈ మాటకు మొదటి అర్థం పశువులు చిగుళ్లూ ఆకులూ మేయడం. మేక కొమ్మకొమ్మకూ మూతి పెట్టినట్టు. తలాష్‌కు కావలసిందేమిటో ముందే తెలిసుండాలి. పేరే వినని దాన్ని ఎలా అడుగుతాం?

నాకిది ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద తెలిసింది. ఉర్దూ మీడియం బడి నుంచి వచ్చి డిగ్రీలో తెలుగు తీసుకున్నాను. ‘సాయిబులకు తెలుగు పద్యాలెందుకురా?’ అని తోటివాళ్లు నవ్వేవారు. నా దగ్గర జవాబు ఉండేది కాదు. ఒక ఆదివారం గైడు కొందామని వెళ్లి పుస్తకాల కుప్పలు కెలుకుతుంటే, అట్ట ఊడిన పద్యాల పుస్తకం చేతికొచ్చింది. షాయర్ పేరు ఉమర్ అలీషా. పిఠాపురం వారు, 1885-1945 మధ్య జీవించారు. ఫార్సీ నుంచి ఉమర్ ఖయ్యాం రుబాయీలను తెలుగు చేసిన మనిషి. ఆ పేరు అంతకుముందు నేను వినలేదు. వినుంటేగా వెతకడానికి! గైడు పైసలతో అదే కొన్నాను. సోమవారం కాలేజీలో బెంచీ మీద, అందరికీ పేరు కనిపించేలా పెట్టాను. ఇక జవాబు నేను చెప్పాల్సిన పని పడలేదు.

మా అబ్బాయి ఫోన్‌లో అడిగిందల్లా క్షణంలో దొరుకుతుంది. వాడు అడగాలని కూడా తెలియనివాటి గురించే నా ఫికర్. వచ్చే ఆదివారం ఆబిడ్స్ పోదామన్నాను.

‘ఏం కొనాలి అబ్బా?’ అన్నాడు.

‘తెలీదు బేటా. అక్కడికెళ్లి చూద్దాం’ అన్నాను.