శివశక్తి: జాబిలి మీద ఒక చదును నేల

చంద్రుడి దక్షిణార్ధగోళంలో మాంజినస్, బొగుస్లావ్‌స్కీ అనే రెండు పెద్ద బిలాల నడుమ, 69 డిగ్రీల అక్షాంశం దగ్గర కొంత చదును నేల ఉంది. పత్రికలు దీన్ని దక్షిణ ధ్రువం అని రాసేశాయి గానీ, అసలు ధ్రువం అక్కడికి 600 కిలోమీటర్ల పైమాటే. 2023 దాకా ఈ నేలకు పేరే లేదు.

చంద్రయాన్-3 దిగడానికి దీన్ని ఎంచుకోవడం వెనక 2019 నాటి వైఫల్యం ఉంది. ఆ ఏడాది సెప్టెంబరు 7 తెల్లవారుజామున ఇస్రో పంపిన చంద్రయాన్-2 ల్యాండర్ కూలిపోయింది. అప్పుడు దిగడానికి కేటాయించిన చోటు 500 మీటర్ల పొడవు, అంతే వెడల్పు. వేగం లెక్క తప్పాక ఆ ఇరుకు గడిలోకే చేరాలన్న ప్రయత్నం పరిస్థితిని మరింత దిగజార్చింది. ఆర్బిటర్ మాత్రం చెక్కుచెదరలేదు. అడుగు పొడవున్న రాయినైనా పట్టి చూపగల దాని కెమెరా తీసిన ఫొటోలే తర్వాతి చోటును వెతికిపెట్టాయి. ఈసారి గడిని 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకు పెంచారు.

2023 జులై 14న పులికాట్ సరస్సు ఒడ్డునున్న శ్రీహరికోట నుంచి ఎల్‌వీఎం-3 రాకెట్ చంద్రయాన్-3ను పైకి తీసుకెళ్లింది. ఆగస్టు 23 సాయంత్రం 6 దాటిన కాసేపటికి దాని ల్యాండర్ విక్రమ్ ఈ నేల మీద దిగింది. సంకేతాలు బెంగళూరు దగ్గరి బ్యాలాలు యాంటెన్నాలకు చేరాయి.

26 కిలోల ప్రజ్ఞాన్ రోవర్ నడిచింది 103 మీటర్లే. ఆ కొద్దిపాటి దారిలోనే 23 చోట్ల మట్టిని పరీక్షించింది. అహ్మదాబాద్‌లోని భౌతిక పరిశోధన ప్రయోగశాల శాస్త్రవేత్తలు 2024లో వెల్లడించిన ఫలితం ప్రకారం ఆ మట్టి ప్రధానంగా అనార్థొసైట్. తెలంగాణలోని జడ్చర్ల చుట్టూ గుట్టల్లో కనిపించే గ్రానైట్‌లో క్వార్ట్జ్, రెండు రకాల ఫెల్డ్‌స్పార్ కలిసి ఉంటాయి. అనార్థొసైట్‌లో దాదాపు అంతా ప్లాజియోక్లేజ్ ఫెల్డ్‌స్పారే. ఒకప్పుడు చంద్రుడంతా కరిగిన శిలాద్రవంగా ఉండగా, అందులో తేలికైన ఈ ఖనిజం పైకి తేలి పెంకు కట్టిందన్నది పాత ఊహ. దానికి ఇక్కడ కొత్త బలం దొరికింది. లెక్కకు మించి కనిపించిన మెగ్నీషియం మాత్రం లోతు పొరలది కావచ్చు. 350 కిలోమీటర్ల దూరంలో అంచున్న దక్షిణ ధ్రువ-ఐట్కెన్ బేసిన్ అనే భారీ బిలం ఏర్పడిన నాటి తాకిడి దాన్ని ఇక్కడికి ఎగజిమ్మి ఉంటుందని అంచనా. భద్రంగా ఉందని ఎంచుకున్న చోటే ఇంత చెప్పడం విశేషం.

విక్రమ్‌లోని ఉష్ణోగ్రత కొలిచే గొట్టం ఇంకో వింత చూపింది. సూర్యుడి వైపు 6 డిగ్రీలు వాలిన నేల పగటివేళ 82 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కగా, మీటరు దూరంలోని చదునైన చోట 59 డిగ్రీలే.

2023 ఆగస్టు 26న ప్రధాని ప్రకటించిన శివశక్తి అన్న పేరును అంతర్జాతీయ ఖగోళ సంఘం 2024 మార్చి 19న ఆమోదించింది. అంతకుముందే, 2023 సెప్టెంబరు 3న విక్రమ్ ఇంజిన్లు మళ్లీ వెలిగించుకుని 40 సెంటీమీటర్లు లేచి పక్కనే దిగింది. చంద్రుడి మీది రాత్రి చలి తర్వాత విక్రమ్, ప్రజ్ఞాన్ రెండూ మేల్కోలేదు. అయినా విక్రమ్ మీది చిన్న అద్దాల పరికరం పనికొస్తూనే ఉంది: 2023 డిసెంబరు 12న అమెరికా ఆర్బిటర్ 100 కిలోమీటర్ల దూరం నుంచి పంపిన లేజర్ కాంతిని అది తిప్పి పంపింది.