పూర్వీకుల రాతిగని

మా ముత్తాత మద్రాసు రేవులో ఓడ ఎక్కి దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకుతోటలకు ఒప్పందపు కూలీగా వెళ్ళారు. ఆయన వ్రాసినది ఒక్క అక్షరమైనా మాకు దక్కలేదు. ఓడ జాబితాలో ఒక సంఖ్య, వయసు, ఊరిపేరు మిగిలాయి. వ్రాత వదలని మనుషుల చరిత్ర ఎలా తెలుస్తుంది? దీనికొక సమాధానం మన కెనడాలోనే ఉన్నది.

ఉత్తర అల్బర్టాలో, అథబాస్కా నది దాపున, ఫోర్ట్ మెక్‌కే సమీపాన తారు ఇసుక గనులున్నాయి. అల్బర్టా చారిత్రక వనరుల చట్టం ప్రకారం, నేల తవ్వదలచిన సంస్థను ముందుగా పురావస్తు పరిశీలన చేయించమని ప్రభుత్వం ఆదేశించవచ్చు. ఖర్చు ఆ సంస్థదే. 2003లో ఒక సున్నపురాతి గని కోసం అటువంటి పరిశీలన జరుగుతుండగా, సుమారు 10,000 సంవత్సరాలనాటి రాతిగని బయటపడింది. దానికి ‘పూర్వీకుల రాతిగని’ అని పేరు. ఆనాటివారు అక్కడ బీవర్ రివర్ ఇసుకరాతిని తీసి పనిముట్లు చేసేవారు.

గుండ్రాయితో రాతి అంచును కొడితే పెచ్చు ఊడుతుంది. తయారైన ఈటెమొన వేటగాని వెంట వెళ్ళిపోతుంది. పెచ్చులు పడినచోటనే ఉంటాయి. రాతి పైపొర అంటుకొనియున్న పెద్ద పెచ్చులు పని మొదలును, చిన్న పలుచని పెచ్చులు చివరి మెరుగును తెలుపుతాయి. ఆ అడవినేల ఆమ్లగుణం వలన ఎముకలు నిలువవు, రాయే సాక్షి. యంత్రంతో తోడివేస్తే పెచ్చులు మిగలవచ్చు గాని, అవి ఉన్న చోటు మిగలదు. చోటు పోతే కథ పోయినట్లే. అదృష్టవశాత్తు ఆ స్థలానికి రక్షణ లభించింది.

తెలుగునేలకూ ఈ చింత ఉన్నది. కర్నూలు ప్రాంతంలోని జ్వాలాపురంలో, సుమారు 74,000 సంవత్సరాల క్రిందట టోబా అగ్నిపర్వతం చిమ్మిన బూడిదపొరకు దిగువనూ ఎగువనూ రాతిపనిముట్లు దొరికాయి. ఆ బూడిదనే వ్యాపారం కోసం తవ్వి తీశారు.

మా అమ్మ పోయిన తరువాత ఆమె పెట్టెను మేము తొందరపడి ఖాళీ చేశాము. అన్నీ కలిసిపోయాయి. ఇప్పుడు నా దగ్గర ఒక ఇత్తడి చెంబు ఉన్నది. అది ముత్తాతతో ఓడలో వచ్చినదో, డర్బన్ అంగడిలో కొన్నదో చెప్పగలవారు లేరు.

కనుక, బిడ్డలారా, ఇల్లు మారేముందు, పెట్టె తెరిచేముందు, ఏ వస్తువు ఎవరిదో, ఎక్కడ ఉండేదో పెద్దలను అడిగి వ్రాసి ఉంచండి. తెలుగులో వ్రాస్తే ఇంకా మంచిది.