గుడ్డ మీద ముద్ర ఎవరిది?

ఈసారి కథ మన ఒంటి మీద జాకెట్టుతోనే మొదలు.

మొన్న మా సైటుకి కొత్త జాకెట్లు వచ్చాయి. కంపెనీ లోగో అంచు మెరుపు పట్టీ కిందికి పోయింది. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ చేసినోణ్ని కదా, డ్రాయింగ్ తెప్పించి చూశా. పట్టీకి కుట్టు గీత నుంచి కొలత ఇచ్చి, లోగోకి మాత్రం కత్తిరింపు గీత నుంచి ఇచ్చారు. కుట్టులోకి పోయే సెంటీమీటరు గుడ్డని ఎవరూ లెక్కేయలేదు. గోడకి ప్లాస్టరు మందం మరిచిపోయినట్టే.

గుడ్డ మీద కంపెనీ గుర్తు కొత్త సంగతేం కాదు. మన బందరులో 1605లో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు కొట్లు పెట్టారు. కోరమాండల్ తీరపు అద్దకం గుడ్డలు ఓడల్లో ఇప్పటి ఇండోనేషియా దీవులకి వెళ్ళేవి. అక్కడ మిరియాలు, లవంగాలు కొనాలంటే వెండి కన్నా మన గుడ్డే బాగా చెల్లేది. ఏ ఊరి వాళ్ళకి ఏ రంగు, ఏ పువ్వు నచ్చుతుందో నమూనాలు తెచ్చి మనవాళ్ళ చేత వేయించేవారు. అప్పటి డ్రాయింగ్ అదే అనుకోండి. సులవేసి దీవిలో తొరాజా జనం తరాలుగా దాచుకున్న పాత గుడ్డల్లో కొన్నిటి మీద డచ్చి కంపెనీ ముద్ర ఇప్పటికీ కనబడుతుంది: పెద్ద వి, దాని రెండు కాళ్ళ మీద ఓ, సి. నేసినాయన పేరు, అద్దినాయన పేరు మాత్రం ఉండవు. నాకు బాధనిపించేది అక్కడే.

తర్వాత కథ తిరగబడింది. 19వ శతాబ్దంలో మాంచెస్టరు మిల్లు గుడ్డే మన సంతల్లోకి వచ్చిపడింది. తాను మీద రంగుల కాగితం బొమ్మ అంటించేవారు: కృష్ణుడు, లక్ష్మి, ఏనుగు, పులి. ఇంగ్లీషు చదవలేని మనిషి బొమ్మ చూసి సరుకు గుర్తుపట్టేవాడు. కొలతల్లో, గుర్తుల్లో మోసం లేకుండా 1889లో ఇండియాలో సరుకు ముద్రల చట్టం తెచ్చారు. తాను పొడవెన్ని గజాలో ఇంగ్లీషు అంకెల్లో దాని మీద ముద్ర వేయాలన్నారు.

ఆటోకాడ్ 1982లో వచ్చింది. ఇప్పుడు లోగో కూడా గీతల్లాగే డ్రాయింగులో ఒక లేయరు. ఫోటోలా అతికిస్తే పెద్దది చేసినప్పుడు అంచులు పళ్ళు పళ్ళుగా కనబడతాయి. గీతలుగా గీస్తే ఏ సైజుకైనా నున్నగా ఉంటుంది.

జాకెట్లు తిప్పి పంపాం. రెండో లాట్ డ్రాయింగ్ ముందు నా దగ్గరికే వచ్చింది. లోగో కొలత కూడా కుట్టు గీత నుంచే వేయించా.