వినోద ప్రాంగణాలపై ఎలక్ట్రానిక్ ప్రకటన ఫలకాలు - అనుమతుల విధానం: లండన్ స్ఫియర్ ఉదంతం

సంగీత ప్రాంగణాలు, క్రీడా మైదానాలు, సినిమాహాళ్ల వెలుపలి గోడలపై భారీ ఎలక్ట్రానిక్ తెరలను ఏర్పాటు చేసే ధోరణి ప్రపంచ నగరాలలో విస్తరించింది. ఇటువంటి తెరలకు ప్రత్యేక అనుమతి కోరినప్పుడు ప్రణాళికాధికారులు ఏ అంశాలను తూచి చూడాలన్నది ప్రధాన ప్రశ్న. 2019 నుంచి 2024 వరకు లండన్‌లో నడిచిన ఎం.ఎస్.జి. స్ఫియర్ వ్యవహారం ఇందుకు ప్రముఖ ఉదాహరణ.

మినహాయింపు - రెండు పద్ధతులు

అమెరికా నగరాలలో స్థలాలను జోన్లుగా విభజించి, ఒక్కొక్క జోనులో ప్రకటన ఫలకాల ఎత్తు, వైశాల్యం, వెలుతురులకు పరిమితులు విధిస్తారు. మినహాయింపు కోరే యజమాని తన స్థలానికి గల ప్రత్యేక పరిస్థితుల మూలంగా నిబంధన అనవసరమైన కష్టాన్ని కలిగిస్తున్నదని సంబంధిత బోర్డు ఎదుట నిరూపించవలసి ఉంటుంది. లాభం తగ్గుతుందన్న వాదన ఒక్కటే సాధారణంగా ఇందుకు చాలదు.

ఇంగ్లండులో ప్రతి ప్రతిపాదననూ విడిగా పరిశీలిస్తారు. భవనానికి ప్రణాళికానుమతి, ప్రకటనకు సమ్మతి వేర్వేరుగా పొందాలి. 2007 నాటి ప్రకటనల నియంత్రణ నిబంధనల ప్రకారం ప్రకటన సమ్మతి విషయంలో పరిసరాల సౌమ్యత, ప్రజా భద్రత అనే రెండు అంశాలకే ప్రాధాన్యం. గడువు ప్రత్యేకంగా పేర్కొనని పక్షంలో ఈ సమ్మతి 5 సంవత్సరాలు అమలులో ఉంటుంది.

భవనమే ప్రకటన ఫలకం

తూర్పు లండన్‌లోని స్ట్రాట్‌ఫర్డ్ వద్ద, 2012 ఒలింపిక్ పార్కు సమీపంలో, 21,500 మంది సామర్థ్యం, సుమారు 90 మీటర్ల ఎత్తు గల గోళాకార వినోద ప్రాంగణాన్ని నిర్మించేందుకు మాడిసన్ స్క్వేర్ గార్డెన్ సంస్థ 2019లో దరఖాస్తు చేసింది. గోళం వెలుపలి భాగమంతా ఎల్.ఇ.డి. దీపాలతో దృశ్యాలను, ప్రకటనలను ప్రదర్శించడం ఈ ప్రతిపాదనలోని విశేషం. ఉద్యోగాలు, పెట్టుబడులు, పర్యాటకం పెరుగుతాయని సంస్థ వాదించగా, కాంతి వల్ల నిద్రకు, ఆరోగ్యానికి భంగం కలుగుతుందని సమీప నివాసితులు అభ్యంతరం తెలిపారు. బాధిత గృహాలకు వెలుతురును అడ్డుకునే తెరలు సమకూర్చుతామని సంస్థ ముందుకు వచ్చింది. వెలుతురు మూలాన్ని తగ్గించకుండా, దానిని భరించే భారాన్ని ఇళ్లలోని వారిపై మోపడమేనన్న విమర్శకు ఇది తావిచ్చింది.

ఆమోదం నుంచి తిరస్కృతికి

ఆ ప్రాంతానికి అప్పట్లో ప్రణాళికాధికారం గల లండన్ లెగసీ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ 2022 మార్చిలో ప్రతిపాదనకు సుముఖత తెలిపింది. 2023 సెప్టెంబరు 29న ఇదే తరహా ప్రాంగణం అమెరికాలోని లాస్ వేగాస్‌లో ప్రారంభమైంది. దాని వెలుపలి తెర వైశాల్యం సుమారు 5,80,000 చదరపు అడుగులు.

అదే సంవత్సరం నవంబరులో లండన్ మేయర్ సాదిక్ ఖాన్ అనుమతి నిరాకరించాలని ఆదేశించారు. నివాస గృహాలపై పడే కాంతి ప్రభావం, కట్టడం పరిమాణం, పరిసరాలపై దాని ఆధిపత్యం, చారిత్రక కట్టడాలకు నష్టం, విద్యుత్ వినియోగం ప్రధాన కారణాలుగా నిలిచాయి. అనంతరం కేంద్ర ప్రభుత్వ మంత్రిత్వ శాఖ జోక్యం చేసుకుని, విషయాన్ని తానే పరిశీలించాలా అన్నది యోచిస్తుండగా, 2024 జనవరిలో సంస్థ ప్రతిపాదనను విరమించుకున్నది.

గమనించదగిన అంశాలు

జూదశాలలు, హోటళ్ల దీపకాంతుల నడుమ వెలసిన తెర లాస్ వేగాస్‌కు ఆకర్షణ అయింది. అటువంటి తెరే నివాస గృహాల మధ్య వివాదమైంది. ఫలకం ఎంత పెద్దదన్న దానితో పాటు, దాని వెలుగు ఎవరి కిటికీపై, ఏ వేళలో పడుతున్నదన్నది కూడా నిర్ణయాత్మకమని ఈ ఉదంతం స్పష్టం చేస్తున్నది. కాంతి తీవ్రత, ప్రదర్శన వేళలు, దృశ్యాలు మారే వేగం, సమీప గృహాల దూరం తదితర వివరాలను దరఖాస్తు దశలోనే కోరడం ద్వారా దరఖాస్తుదారునికి వ్యయప్రయాసలు, నివాసితులకు ఆందోళన తగ్గే అవకాశం ఉంటుంది.

హైదరాబాద్ విషయంలో తెలంగాణ ప్రభుత్వం 2020 ఏప్రిల్‌లో జారీ చేసిన జి.ఓ.ఎం.ఎస్. నం. 68 ద్వారా నేల నుంచి 15 అడుగులకు మించిన ఎత్తులో ప్రకటనలను, మెరుస్తూ ఆరే దీపాలతో కూడిన ప్రకటనలను నిషేధించడం గమనార్హం.